ఇంటిభాష

ఆ బ్యాంకులో మామూలు జనం పాస్‌బుక్కు పట్టుకుని నిలబడే కౌంటర్లు ఉండవు. పెద్ద కంపెనీల బాండ్లకూ షేర్లకూ ధర కట్టడం, కొనడం, అమ్మడం, అదే అక్కడి వ్యాపారం. కొని అమ్మే ట్రేడర్లు హాలు మధ్యలో కూర్చుంటారు. వాళ్ళకు కావలసిన లెక్కలు కట్టే ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఓ పక్కన కూర్చుంటారు. ట్రేడర్లకు ఎదురుగా కిటికీలు, వీళ్ళకు ఎదురుగా గోడ. ఆ గోడ వరసలో చిట్టచివరి కుర్చీ అక్కది.

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆమె జీతం స్లిప్పు మీద తప్ప ఎక్కడా కనిపించేది కాదు. ఆమె కంటే వయసులో పెద్దవాళ్ళు కూడా "అక్కా, కాస్త ఇది చూడు" అనేవారు.

అక్క ఆ బ్యాంకులోకి ప్రోగ్రామరుగా రాలేదు, టైపిస్టుగా వచ్చింది. అంతకు చాలా ముందు అక్కడ ఒక లెక్కల మేధావి పనిచేసేవాడట. లోకంలో ఉన్న ప్రోగ్రామింగ్ భాషలేవీ నచ్చక, బాండ్లకు ధర కట్టడానికి తానే ఒక భాష తయారుచేశాడు. తర్వాత ఎవరితోనో మాటామాటా వచ్చి లేచి వెళ్ళిపోయాడు. మనిషి పోయాడు, భాష మిగిలింది. దానికి అసలు పేరేదో ఉండేది గాని, అందరూ ఇంటిభాష అనేవారు. గడప దాటితే చెల్లదు కాబట్టి. దాని మీద పుస్తకం లేదు, నేర్పే చోటు లేదు. కొత్తగా చేరిన ఇంజనీర్లు దాన్ని చూసి దణ్ణం పెట్టేవారు.

"ఇది నేర్చుకుని బయటికెళ్తే ఎవడిస్తాడండీ ఉద్యోగం? నన్ను జావాలో వెయ్యండి" అని పోరేవారు.

వాళ్ళ భయం న్యాయమైనదే. ఆ పనిలో మనిషి జాతకం వాడికొచ్చిన భాషలో ఉంటుంది. అందుకే ఎవరూ ముట్టని ఆ పని టైపిస్టు నెత్తిన పడింది. అంకెలు మార్చమంటే మార్చేది, మారుస్తూ అటూ ఇటూ ఉన్న వరసలు చదివేది, చదవగా చదవగా అర్థమైంది. టైపిస్టు జీతానికి ప్రోగ్రామరు దొరికిందని పైవాళ్ళు సంబరపడ్డారు. ఆ సంబరం చాలా ఏళ్ళు దాచుకున్నారు. జీతం మాత్రం అలాగే ఉంచారు.

ట్రేడర్ల పెద్దను గద్ద అనేవారు. ఆయన బల్ల మీద మెత్తటి రబ్బరు బంతి ఒకటుండేది. ధర రావడం ఆలస్యమైతే ఆ బంతి తీసి గోడ వరస మీదికి విసిరేవాడు. ఎవరి తలకు తగిలితే వాళ్ళది తప్పు. చివరి కుర్చీ కాబట్టి అక్క తలకే ఎక్కువగా తగిలేది. ఆమె వంగి బంతి ఏరుకుని, తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, "వచ్చేస్తోంది సార్, నిమిషం" అని తిరిగొచ్చేది. అదొక మర్యాద అనుకునేది. ఆమె ఏరుకొచ్చే తీరు చూసి నవ్వుకోవడానికే ఆయన ఇంకోసారి విసిరేవాడని హాల్లో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు.

ఇంటి దగ్గర అక్కకు భర్త ఉన్నాడు, చెల్లి చిన్ని ఉంది. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. గోళ్ళ కింద ఎప్పుడూ ఇంజనాయిలు, నోట్లో తక్కువ మాటలు. చెల్లి ఒకటో తరగతిలో ఉండగా తల్లి పోయింది, ఏడాది తిరక్కుండా తండ్రి వేరే కాపురం పెట్టుకున్నాడు. అప్పటినుంచి చిన్నిని పెంచింది అక్కే. తల దువ్వింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళతో "మా చెల్లి నాతోనే ఉంటుంది, ఇష్టమైతే చెప్పండి" అంది. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. మెకానిక్కు మాత్రం "ఉండనివ్వండి, దాందేముంది" అన్నాడు. తర్వాత వీళ్ళకు పిల్లలు కలగలేదు. చిన్ని ఉంది కదా అని డాక్టర్ల చుట్టూ తిరగలేదు.

చిన్ని చురుకైన పిల్ల. ఇంజనీరింగు చదివింది, పైథాన్, జావా, ఇంకా నిన్నమొన్న పుట్టిన భాషలన్నీ ఆటాడుకున్నట్టు నేర్చుకుంది. అక్క బతిమాలి తన బ్యాంకులోనే ఇంటర్వ్యూ ఇప్పించింది. వచ్చేటప్పుడు సిఫారసు మీద వచ్చినా, నిలబడింది సొంత బుర్రతోనే. రెండేళ్ళకే అక్క జీతం దాటేసింది. మొదటి బోనసుతో అక్కకు మంచి చెప్పులు కొనిచ్చి, "రోజంతా ఆ గోడవార కూర్చుంటావ్, కాళ్ళన్నా సుఖంగా ఉండనీ" అంది. అక్క ఆ చెప్పులు వీధంతా చూపించుకుంది.

అప్పుడొచ్చింది పైనుంచి ఉత్తర్వు. ఇంటిభాషలో ఉన్నదంతా పైథాన్‌లోకి మార్చాలి, పాతది మూసెయ్యాలి. పనికి పెద్దగా చిన్నిని వేశారు.

మొదటి మీటింగులో చిన్ని తెర ముందు నిలబడి చెప్పింది. మాట తీరు బావుంటుంది దానికి. ఎక్కడ నవ్వించాలో తెలుసు.

"ఇంటిభాష ఎప్పుడో చచ్చిపోయింది. మనం శవానికి గొట్టాలు తగిలించి, ఊపిరాడుతోంది కదా అని సంతోషపడుతున్నాం. ఇక దహనం చేసేద్దాం."

హాలంతా గొల్లుమంది. గద్ద బల్ల చరిచాడు. అక్క కూడా నవ్వింది. చెల్లి ఇంత బాగా మాట్లాడుతోందే అని నిజంగానే మురిసిపోయి నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే పక్కవాడు ఆమెకేసి తిరిగి, "మరి శవం పక్కన కూర్చున్నవాళ్ళ సంగతేంటక్కా?" అన్నాడు. వాడు సరదాకే అన్నాడు.

ఇంటికొచ్చాక చిన్ని, "నేనన్నదానికి ఏమనుకోలేదుగా?" అని అడిగింది.

"ఛ, నేనెందుకనుకుంటానే" అంది అక్క. ఆ రాత్రి చపాతీలు మాడ్చింది.

మర్నాటినుంచి ఆమె బయట ఉద్యోగం చూసుకోవడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఒకచోట ఇంటర్వ్యూకి పిలిచారు. గాజుగదిలో ఒక కుర్రాడు, ముందర కంప్యూటరు.

"ఏ భాషలో చేశారండీ?"

చెప్పింది.

అతను ఆ పేరు కొట్టి వెతికాడు. ఇంకోరకంగా కొట్టి వెతికాడు. "స్పెల్లింగు చెప్తారా?" అన్నాడు. చెప్పింది. మళ్ళీ వెతికాడు. తెర ఆమె వైపు తిప్పాడు. ఏమీ లేదు.

"ఇది... మీరే కనిపెట్టారాండీ?"

"కాదు బాబూ. బ్యాంకుది."

"పైథాన్ వచ్చా?"

"నేర్చుకుంటున్నా."

అతను మంచివాడే. నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు. మధ్యలో ఎవరో తలుపు తోసుకుని వస్తే, "పెద్దావిడ, ఒక్క నిమిషంలో అయిపోతుంది" అన్నాడు. అనుభవం అని ఉన్న గడిలో గీత కొట్టడం ఆమె బల్ల ఇవతలినుంచి తలకిందులుగా చూసింది. సగం జీవితం మీద కొట్టిన గీత అది. లేచి నమస్కారం పెట్టి వచ్చేసింది.

నిజంగానే పైథాన్ నేర్చుకోబోయింది కూడా. సాయంత్రం క్లాసులకు వెళ్ళింది. మాస్టారు ఆమెను వెనక బెంచీలో కూర్చోబెట్టి, "మీ అమ్మాయి రాలేదా అమ్మా, మీరొచ్చారు?" అన్నాడు. క్లాసు నవ్వింది. ఆ వారమే మానేసింది. చిన్నిని అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేది. ఆ ఒక్కటీ అడగలేకపోయింది. తను అక్షరాలు దిద్దించిన పిల్ల ముందు పలక పట్టుకుని కూర్చోవడానికి మనసొప్పలేదు.

గోడ వరసకంతటికీ పై అధికారి ఒకాయన ఉండేవాడు. ఎవరి ఉద్యోగం పోతున్నా నవ్వుతూనే చెప్తాడని ఆయన్ని నవ్వుల సారు అనేవారు. ఒకరోజు అక్కను గదిలోకి పిలిచి టీ తెప్పించాడు. టీ తెప్పించాడంటేనే భయపడాలి.

"అక్కా, ఈ మార్పిడి పనయ్యాక ఈ మూల ఒక్క కుర్చీయే మిగుల్తుంది. ఇద్దర్ని పెట్టుకోవడానికి పైవాళ్ళు ఒప్పుకోవట్లా."

"అంటే నన్ను..."

"నేనలా అన్నానా? ఎవరిదో నేను చెప్పను. పని సవ్యంగా అయితే ఒకలాగుంటుంది, కాకపోతే ఒకలాగుంటుంది." చక్కెర కలుపుతూ నవ్వాడు. "అక్కాచెల్లెళ్ళేగా, ఇంట్లోనే తేల్చుకోండి."

అక్క ఆ మాట ఇంట్లో ఎత్తలేదు. ఎత్తితే చిన్ని ఏమనేదో తేలిపోయేది. అది తేలకపోవడమే ఆమెకు కావాలేమో, అప్పట్లో తనకే తెలియదు.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్ని కుర్చీ లాక్కుని అక్క పక్కకు వచ్చేది. పాత ప్రోగ్రాములో ఒక్కొక్క ముక్కా చూపించి, ఇదేంటి, ఇదెందుకు అని అడిగేది. అక్క చెప్పేది. వింటూ చిన్ని పైథాన్‌లో రాసుకుపోయేది. మొదటి వారాల్లో అక్క అన్నీ చెప్పింది. దాచాలనుకోలేదు. చెప్తున్నకొద్దీ తన తలలోంచి ఒక్కొక్క సామాను బండికెక్కిపోతున్నట్టు, ఇల్లు ఖాళీ అవుతున్నట్టు అనిపించేది. చిన్ని మధ్యమధ్యలో, "ఇంత చిన్నదానికి ఇంత రాశారేంటే బాబూ, ఇది పైథాన్‌లో రెండు లైన్లు" అనేది. అది ఆ లెక్కల మేధావిని అన్న మాట. ఆ మేధావి వెళ్ళిపోయాక ఆ వరసల్లో చాలా భాగం రాసింది అక్కేనని చిన్నికి గుర్తుండేది కాదు.

చివరికొచ్చేసరికి ఒక్కటే మిగిలింది.

బాండు అంటే ఒక కంపెనీ రాసిచ్చిన అప్పు పత్రం. ఫలానా తేదీకి వడ్డీ ఇస్తానని అందులో ఉంటుంది. ఆ తేదీ సెలవు రోజయితే మర్నాడు ఇస్తారు. కానీ కొన్ని పాత బాండ్లకు వేరే షరతుంది. నెలాఖరు తేదీ సెలవైతే, వడ్డీ వెనక్కి జరిగి, ముందే ఇచ్చెయ్యాలి. ఏళ్ళ కిందట గద్ద అరిచి గోల చేస్తే అక్క ఆ లెక్కను ఒక మూల అతికించింది. తర్వాత సర్దుదామని దానికి "తాత్కాలికం" అని పేరు పెట్టింది. సర్దనేలేదు. పైనుంచి చదివితే అదేదో అక్కర్లేని చెత్తలా కనిపిస్తుంది.

చిన్ని దాని మీద వేలు పెట్టింది. "ఇదేంటి? తాత్కాలికమట. ఇంకా అవసరమా?"

అక్క తెర వైపు చూసింది. కొత్త ప్రోగ్రామునూ పాతదాన్నీ పక్కపక్కన నడిపి ధరలు పోల్చి చూస్తున్నారు, ఇప్పటిదాకా పొల్లు పోకుండా సరిపోతున్నాయి. ఈ మధ్య ఏ నెలాఖరూ సెలవు మీద పడలేదు. రాబోయే నెలాఖరు ఆదివారం. ఇవన్నీ ఆమె బుర్రలో ఒక్కసారే మెరిశాయి.

"ఎప్పటిదో. ఇప్పుడు వాడట్లేదనుకుంటా" అంది.

"తీసెయ్యనా?"

"నీ ఇష్టం."

చిన్ని తీసేసింది. తర్వాత ఒళ్ళు విరుచుకుని, "ఇంకేమన్నా ఉందా అక్కా? నీ బుర్రలో ఉన్నదంతా చెప్పేశావా?" అని అడిగింది.

"అంతే."

చిన్ని అక్క మెడ చుట్టూ చేతులు వేసి బుగ్గ మీద ముద్దు పెట్టింది. గోడ వరసలో అందరూ చూశారు. "నువ్వు లేకపోతే నాకీ పని అయ్యేది కాదే" అంది.

అంతా అనుకోకుండా నోరు జారిందనుకోవడానికి లేదు. ఆ మధ్యాహ్నానికీ నెలాఖరుకీ మధ్య చాలా రోజులున్నాయి. ఆ రోజులన్నీ ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చారు, ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఒకసారి చిన్ని సినిమాకు తీసుకెళ్ళింది. చెప్పడానికి చోటు లేక కాదు.

నెలాఖరు ఆదివారం అంటే ఆఖరి పనిరోజు శుక్రవారం. ఆ శుక్రవారానికి పాత ప్రోగ్రాము ఆపేసి కొత్తదొక్కటే నడుపుతున్నారు. ఆ పాత బాండ్ల వడ్డీ ఆ రోజే ఇచ్చేశారు. కొత్త ప్రోగ్రాము మాత్రం ఇంకా ఇవ్వాల్సి ఉందనుకుని, ఆ వడ్డీని కూడా ధరలో కలిపింది. ట్రేడర్లు ఆ ధర నమ్మి పెద్ద ఎత్తున కొన్నారు. లేని వడ్డీకి డబ్బు కట్టి కొన్నారన్నమాట. అమ్మినవాళ్ళు కిమ్మనకుండా అమ్మారు. మధ్యాహ్నానికి గద్దకు సంగతి తెలిసింది.

బంతి విసరలేదు ఆ రోజు. లేచి నిలబడి, "పైథాన్ రాణీ, ఒకసారి ఇలా రా తల్లీ" అన్నాడు.

చిన్ని హాలు మధ్యకు వెళ్ళి నిలబడింది. తెర చూపించి ఒక్కొక్క బాండు పేరూ దాని చేతే చదివించాడు. చదివిన ప్రతిదానికీ ట్రేడర్లు చప్పట్లు కొట్టారు. మధ్యలో ఆగితే, "కానీ, ఇంకా ఉన్నాయి" అన్నాడు. అంతా అయ్యాక ఎవరో గాడిద బొమ్మ తెచ్చారు. పెద్ద తప్పు చేసినవాళ్ళ బల్ల మీద దాన్ని పెట్టడం అక్కడ వేడుక. బల్ల మీద పెట్టలేదు. చిన్ని చేతికిచ్చి, ఎత్తుకోమన్నారు. ఎత్తుకుంది.

చిన్ని గాడిదను ఎత్తుకుని గోడ వరస కేసి చూసింది. అక్క కేసి చూసింది. ఆ కళ్ళలో అనుమానం లేదు. చిన్నప్పుడు బడిలో కొట్టినప్పుడు ఇంటికొచ్చి చూసేదే, ఆ చూపు.

అక్క లేచింది. అందరూ ఆమెకు దారిచ్చారు. తన కంప్యూటరులో దాచి ఉంచిన పాత ప్రోగ్రామును మళ్ళీ నడిపింది. సరైన ధరలు తెర మీదికి వచ్చాయి. గద్ద వచ్చి ఆమె భుజం తట్టాడు. అన్నేళ్ళలో ఆయన చెయ్యి ఆమె మీద పడడం అదే మొదలు.

"శవం లేచొచ్చింది!" అని అరిచాడు. హాలంతా మళ్ళీ చప్పట్లు.

చిన్నిని సాయంత్రంలోగా పంపించేశారు. మార్పిడి పని ఆపేశారు.

తర్వాత చిన్ని బయట ప్రయత్నించలేదని కాదు. ఆ వ్యాపారంలో అందరూ అందరికీ తెలుసు. ఎక్కడికెళ్ళినా రెండో ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు, "ఆ నెలాఖరు సంగతి మీదేనా?" అనేవారు. కానీ అసలు దెబ్బ అది కాదు. ఉద్యోగం ఇస్తామన్న ఒక చిన్న కంపెనీలో చేరి, చిన్ని నెల తిరక్కుండా మానేసింది. రాసిన రెండు లైన్లను పదిసార్లు సరిచూసేది. సరిచూసినా పంపేది కాదు.

"నాకు కనపడలేదే అక్కా" అనేది వంటింటి గుమ్మంలో కూర్చుని. "తాత్కాలికమని రాసుంది. నేనే తీసేశాను. నువ్వు నీ ఇష్టం అన్నావు, నేనే చూసుకోవాల్సింది. పొగరు నాకు."

"పొగరేం కాదులే. అందరికీ అవుతుంది" అనేది అక్క. తల దువ్వేది. తడిగుడ్డతో గొంతు కోసిన చెయ్యే చిక్కులు తీసేది.

కొన్నాళ్ళకు నవ్వుల సారు అక్కను మళ్ళీ టీకి పిలిచాడు. కుర్చీ ఖాయమని చెప్పాడు. మాటల మధ్యలో, తమాషా కబురు చెప్తున్నట్టు, "మీ చెల్లి వట్టి పిచ్చిదండీ" అన్నాడు. "ఈ పని ఒప్పుకునేముందే షరతు పెట్టింది. అయిపోయాక ఆ కుర్చీ మా అక్కకే ఉంచండి, నేను బయట ఎక్కడన్నా చూసుకుంటా, దానికి బయట ఎవరూ ఉద్యోగం ఇవ్వరు అని. నేను సరేనన్నాను కూడా."

"మరి నాకు ఇంట్లో తేల్చుకోమన్నారు?"

"ఏం చేస్తారో చూద్దామనుకున్నా" అని నవ్వాడు. ఆయనకు అంతా తెలుసో, ఊరికే అన్నాడో, అక్కకు ఎప్పటికీ తెలియలేదు. బిస్కెట్టు అందిస్తే తీసుకుంది. తింది కూడా.

ఆ సాయంత్రం డిపో దగ్గరికి వెళ్ళింది. ఎప్పుడూ వెళ్ళనిది వెళ్ళింది. భర్త బస్సు కింద పడుకుని పని చేస్తున్నాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళ పక్కన గొంతుక్కూర్చుని మొత్తం చెప్పింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు కదా. స్పానరు చప్పుడు ఆగిపోయింది.

"ఏమన్నా అనండి" అంది.

"నాకెందుకు చెప్పావు?" అన్నాడు బస్సు కిందినుంచి.

"ఎవరికి చెప్పుకోను మరి?"

"ఎవరికి చెప్పాలో నీకు తెలుసు. నాకు చెప్పి, ఇప్పుడు నన్ను కూడా దాచమంటున్నావు. అది బావా అని ఎదురొస్తే నేనేం ముఖం పెట్టుకోవాలి?"

స్పానరు మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. ఆ రోజునుంచి ఆయన పని మీద పని కల్పించుకుని ఇంటికి ఆలస్యంగా రావడం అలవాటు చేసుకున్నాడు. చిన్ని వడ్డిస్తే తలెత్తకుండా తినేవాడు. బావకు తనమీద కోపమని, ఊరికే తిని కూర్చున్నానని చిన్ని అనుకుంది. ఒకరోజు మెల్లగా, "బావా, ఏదో ఒక పని చూసుకుంటాలే" అంది. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

ఏడాదిన్నర గడిచాక బ్యాంకు మార్పిడి పని మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి బయటి కంపెనీనుంచి మనుషులొచ్చారు, అక్కను వాళ్ళ మీద సలహాదారుగా వేశారు. జీతం పెంచారు, కిటికీ పక్కకు మార్చారు. పని అయిపోయినా ఆ కుర్చీ కదలదని ఈసారి కాగితం మీద రాసిచ్చారు. మొదటి రోజు ఉదయమే అక్క ఆ వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి తెర చూపించింది.

"ముందు ఇది రాసుకోండి. తాత్కాలికం అని ఉంటుంది, చెత్తనుకుని తీసేస్తారు. తియ్యకండి. నెలాఖరు సెలవొస్తే వడ్డీ వెనక్కి జరగాలి."

ముక్కూ ముఖం తెలియనివాళ్ళు శ్రద్ధగా రాసుకున్నారు. అందులో ఒకమ్మాయి, "ఎంత ఓపిగ్గా చెప్తున్నారు మేడమ్" అంది. పని సాఫీగా సాగిపోయింది. ఇంటిభాషను మూసేసిన రోజు చిన్న పార్టీ కూడా చేసుకున్నారు. గద్ద రెండు ముక్కలు మాట్లాడాడు. అక్క కుర్చీ నిజంగానే కదల్లేదు.

చిన్ని అప్పటికి ఒక పళ్ళ డాక్టరు దగ్గర ముందుగదిలో పనికి కుదిరింది. వచ్చినవాళ్ళ పేరు పిలవడం, వరస చూడడం, లోపలికి పంపడం. ఒకసారి అక్కకు దవడ పన్ను సలిపితే అక్కడికే వెళ్ళింది. చిన్ని ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. డాక్టరు మత్తుసూది ఇచ్చి, పట్టకారు పుచ్చుకునేసరికి అవతల గదిలో కంప్యూటరు మొరాయించింది.

"ఏమ్మా, నీకేమన్నా తెలుసా దీని సంగతి? ఇంజనీరింగు చదివావని ఎవరో అన్నారు" అని డాక్టరు ఇక్కణ్ణుంచే కేకేశాడు.

"లేదు సార్" అంది చిన్ని అవతలినుంచి. "నాకు కంప్యూటర్లు రావు."

అబద్ధం చెప్తున్న గొంతు కాదది. నమ్మి చెప్తున్న గొంతు.

"సరే, రిపేరు వాణ్ణి పిలు" అని డాక్టరు ఇటు తిరిగాడు. "నోరు తెరవండి. ఇంకా పెద్దగా."

పన్ను తేలిగ్గానే వచ్చింది. దూది కొరికిపట్టించి పంపారు. చిన్ని పని ముగించుకుని అక్కను తీసుకుని బయల్దేరింది. బస్సులో కిటికీ పక్క సీటు అక్కకిచ్చింది. సంచీ తన ఒళ్ళో పెట్టుకుంది. అవతలి సీట్లో ఒకడు ఒళ్ళో చిన్న కంప్యూటరు పెట్టుకుని చకచకా ఏదో రాస్తున్నాడు. తెర మీద రంగురంగుల వరసలు. చిన్ని ఒకసారి చూసి, ఎండ తగిలినట్టు మొహం తిప్పుకుంది.

అక్క చెల్లెలి మణికట్టు పట్టుకుంది. నోట్లోంచి దూది తీసింది. రుమాలులో రక్తం. "చిన్నీ," అంది, మత్తుకు వంకర తిరిగిన నోటితో. "నీకొకటి చెప్పాలే. ఆ రోజు నువ్వు..."

"అబ్బ, మాట్లాడకే!" చిన్ని గబుక్కున దూది లాక్కుని కొత్తది నోట్లో పెట్టింది. "సాయంత్రం దాకా నోరు తెరవొద్దని డాక్టరుగారు చెప్పలా? రక్తం ఆగదు. ఏదైనా సరే రేపు చెప్దువుగాని."

అక్క దూది కొరికి పట్టుకుంది. ఒళ్ళంతా తేలికపడ్డట్టయింది. చిన్ని ఆమె తలను తన భుజం మీదికి లాక్కుంటే కళ్ళు మూసుకుంది.

మర్నాటికి వాపు కూడా తగ్గింది. చిన్ని అడిగింది, "నిన్నేదో చెప్తానన్నావు?"

"ఏం లేదే" అంది అక్క. "మత్తులో ఏదో వాగుంటాను."